దఫ్తరములో వెదకులాట



గడచిన సంక్రాంతి పండుగకు నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు భీమవరము ప్రాంతమున రొయ్యల మేత వర్తకము చేయు నొక సంస్థలో కంప్యూటరు పని చూచుచున్నాడు. కుశలప్రశ్నలు ముగిసి, అరిసెలు తినుట యైన పిదప, "మాస్టారండీ! తమరు తర్కము చదువుకొన్నవారు. నాకొక చిక్కు వచ్చిపడినది. తమతో చెప్పుకొనవలెనని వచ్చితిని" అనెను.

చిక్కు ఇది. ఆ సంస్థవారి రసీదులు, ఒడంబడికలు, సరకు చీటీలు, రైతుల ఖాతాలు, ఉత్తరప్రత్యుత్తరములు అన్నియు నిప్పుడు బీరువాలలో గాక కంప్యూటరులో నున్నవి. వానిని బయటివారు చూడరు. లోపలి గుమాస్తాలే చూచుకొందురు. కావలసిన కాగితమును బయటికి తీయుటకు "అడ్వాన్సుడు సెర్చి" యను నొక పుట తెరమీద వచ్చును. ఆ పుటలో ఇరువదిరెండు గళ్లు. రైతు పేరునకొక గడి, ఖాతా సంఖ్యకొక గడి, చీటీ సంఖ్యకొకటి, గిడ్డంగికొకటి, ఏ తేదినుండి యనుటకొకటి, ఏ తేదివరకు ననుటకొకటి, ఇట్లు సాగిపోవును. ఇన్ని గళ్లుండియు దానిని ముట్టువారు లేరట. కాగితము కావలసివచ్చినపుడు అందరును ఒక వృద్ధ గుమాస్తాగారి బల్లయొద్దకు పోయి నిలుచుందురట. ఆయన వచ్చు సంవత్సరము పని చాలించుకొనును. "ఆయన వెళ్లిపోయినచో మా గతి యేమండీ? ఆ పుటను మొదటినుండి మరల కట్టుమని నన్ను నియోగించినారు" అనెను.

కంప్యూటరును గూర్చి నాకు తెలిసినది స్వల్పము. అయినను ఆ చిక్కు నాకు క్రొత్తగా తోచలేదు. సబురిజిస్ట్రారు కచేరి వసారాలో ఒక పూట కూర్చున్నవారెవరికిని అది క్రొత్తగా తోచదు.

మన దేశమున దస్తావేజుల రిజిస్ట్రేషనునకు మూలమైనది 1908 సంవత్సరపు చట్టము. స్థిరాస్తి దస్తావేజులను ఒకటవ పుస్తకమున ఎక్కింతురు. పుస్తకమున నెక్కించుటతో పని ముగియదని ఆ చట్టము చేసినవారు ఎరుగుదురు. వరుసగా వేలకొలది దస్తావేజులు పడియున్న పుస్తకములో ఒకదానిని పట్టుకొనుట గడ్డివామిలో సూదిని వెదకుట వంటిది. కావున 55వ సెక్షనులో సూచికలను విధించిరి. ఒకటవ సూచికలో వ్రాసియిచ్చినవారి పేర్లు, వ్రాయించుకొన్నవారి పేర్లు. రెండవ సూచికలో ఆస్తి వివరములు. పేరు తెలిసినవాడు పేరు దారిన వచ్చును, పొలము తెలిసినవాడు పొలము దారిన వచ్చును. ఒకే యింటికి రెండు గుమ్మములన్న మాట.

ఈ సూచిక యెంత బరువు మోయుచున్నదో చాలమందికి తెలియదు. ఆస్తి బదలాయింపు చట్టమునకు 1929లో నొక సవరణ జరిగెను. దాని ప్రకారము రిజిస్టరైన దస్తావేజు ఒకటి యున్నచో, తరువాత ఆ ఆస్తిని కొనువానికి అది తెలిసినట్లే భావింపబడును. "నేనెరుగను" అనుటకు వీలులేదు. కాని యందొక షరతు కలదు. ఆ దస్తావేజు వివరములు 55వ సెక్షను సూచికలలో సరిగా ఎక్కియుండవలెను. చూచితిరా! లోకమునకు తెలిసినట్లా, తెలియనట్లా యను మాట పుస్తకముపై గాక సూచికపై నిలిచినది. ఎక్కడనో వ్రాసియుండుట వేరు, వెదకినవానికి దొరకుట వేరు అను భేదమును చట్టమే యొప్పుకొన్నది.

1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖవారు "కార్డ్" అను పేర కచేరీలలో కంప్యూటర్లను ప్రవేశపెట్టిరి. 1983 జనవరి 1 మొదలుకొని జరిగిన దస్తావేజుల వివరములు ఇప్పుడు కంప్యూటరు ద్వారా దొరకును. అంతకు పూర్వపువానికై పాత పుస్తకములే తిరుగవేయించవలెను. పొలము కొనబోవువాడు తీసికొను ఎన్కంబరెన్సు పత్రము, మన వాడుకలో ఈ.సీ., ఈ వెదకుట యొక్క ఫలమే. దస్తావేజులు దొరకినచో 15వ నమూనాలో నిత్తురు; ఏమియు దొరకనిచో 16వ నమూనాలో "నిల్" అని యిత్తురు. ఆ పత్రముతో నొక సూచన కూడ నుండును. దరఖాస్తుదారుడు ఆస్తిని వర్ణించిన రీతిని బట్టి వెదకితిమనియు, అదే ఆస్తి దస్తావేజులలో వేరొక రీతిగా వర్ణింపబడియున్నచో అవి యిందు చేరవనియు దాని తాత్పర్యము. చిన్న అక్షరములలో నుండుటచే దానిని చదువువారు అరుదు.

మా మేనమామగారు చదువలేదు. ఇరువది యేండ్ల క్రిందట ఆయన తన చేనిని ఆనుకొనియున్న అరువది సెంట్ల భూమిని కొనెను. ఈ.సీ. తీయించగా "నిల్" అని వచ్చెను. సొమ్ము చెల్లించి రిజిస్టరు చేయించుకొన్న పిమ్మట, ఆ భూమిపై పాత తనఖా యొకటి కలదని బయటపడెను. మామగారి దరఖాస్తులో సర్వే సంఖ్య ప్రక్కన ఉపవిభాగపు అక్షరము కలదు. తనఖా దస్తావేజు నాటికి ఆ చేను విభజింపబడలేదు గనుక అందు అక్షరము లేదు. యంత్రము అక్షరముగల సంఖ్యను వెదకినది, లేనిదానిని విడిచినది. యంత్రము అబద్ధమాడలేదు, అడిగినదానికి సమాధానము చెప్పినది. తనఖా భూమిని అంటియుండును గనుక, ఆ యప్పు తీర్చుటకు మామగారు రెండు పాడిగేదెలను, అత్తగారి కాసులపేరును అమ్ముకొనిరి. ఆయన బ్రతికియున్నంతకాలము "నిల్" అను మాట వినిన ముఖము త్రిప్పుకొనెడివాడు.

ఈ కథ చెప్పగా నా శిష్యుడు కొంతసేపు మాటలాడలేదు. "మా పుటయు నట్లే చెప్పునండీ. 'ఫలితములు లేవు' అని రెండు మాటలు వ్రాసి యూరకుండును" అనెను.

అప్పుడు వానికి తర్కశాస్త్రములోని మొదటి పాఠమును జ్ఞప్తికి తెచ్చితిని. ఒక వస్తువునకు లక్షణము చెప్పునపుడు మూడు దోషములు రాగూడదు. ఆవునకు లక్షణము చెప్పుమనగా "కపిలవర్ణము కలది" అన్నచో తెల్లావు జారిపోవును, ఇది అవ్యాప్తి. "కొమ్ములు కలది" అన్నచో గేదెయు మేకయు వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. "ఒంటిగిట్ట కలది" అన్నచో ఒక్క ఆవును దొరకదు, ఇది అసంభవము. వెదకువాడు గడిలో వ్రాయునది లక్షణమే గదా! మామగారి సర్వే సంఖ్యకు అవ్యాప్తి పట్టినది. "సత్యనారాయణ" అని మాత్రము వ్రాసినచో మన జిల్లాలలో అతివ్యాప్తికి మేర యుండదు. ఇక అసంభవమునకు ఆ యిరువదిరెండు గళ్లే కారణము. నింపిన ప్రతి గడియు "మరియు" అను మాటతో ముడిపడును. పాపము, గుమాస్తా ఎక్కువ వివరములిచ్చిన యంత్రమునకు సాయమగునని తలచి ఏడు గళ్లు నింపును. అందొకటి తప్పైనను ఫలము సున్న.

అటుపై నేనొక మాట యడిగితిని. "నాయనా! ఆ వృద్ధ గుమాస్తాగారు కాగితమెట్లు తీయుచున్నారు? నీవెన్నడైన ప్రక్కన కూర్చుండి చూచితివా?" చూడలేదనెను. పుట కట్టుటకు ముందు పది దినములు ఆయన ప్రక్క పీట వేసికొని కూర్చుండుమనియు, వచ్చినవారేమడిగిరో, ఆయన బదులేమడిగెనో వ్రాసికొమ్మనియు చెప్పి పంపితిని.

పండుగ వెళ్లిన నెలకు వాడు ఒక నోటుపుస్తకముతో వచ్చెను. ఆ పుస్తకము చదువుట నాకొక కావ్యము చదివినంత సంతోషమైనది. అడుగవచ్చినవారిలో ఖాతా సంఖ్యతో వచ్చినవారు బహు కొద్దిమంది. తక్కినవారు "ఆకివీడు వైపు చెరువులాయన, పట్టుబడికి ముందు మేత వెనుకకు పంపినాడే, ఆ చీటీ" అన్నట్లు వచ్చిరి. అనగా ఒక మనిషి, ఒక యూరు, ఒక కాలము. ఆ కాలమైనను తేది కాదు, "పట్టుబడికి ముందు". మనమును అంతే గదా. "1986 గోదావరి వరదకు మరుసటి యేడు", "1996 నవంబరు తుపాను వెనుక వచ్చిన దాళ్వా పంట నాడు" అని చెప్పుకొందుము గాని తేదులు చెప్పుకొనము. గుమాస్తాగారు మొదట ఒకటే ప్రశ్న వేయును: "ఏ వూరాయన?" దానితో పదిమంది మిగులుదురు. పిదప "పోయిన వేసవియా, అంతకు ముందా?" అనును. ముగ్గురు మిగులుదురు. మూడు కాగితములును తీసి బల్లపై పరచును. వచ్చినవాడు తనదానిని చూచి గుర్తుపట్టును.

పాత పుట లోపమంతయు నిచ్చట తేటపడినది. అది కాగితములు పెట్టెలో నెట్లున్నవో ఆ రీతిని గళ్లు గీచినది. వెదకవచ్చినవాని మనస్సులో నేమున్నదో అడుగలేదు. పైగా నిర్ణయములన్నియు ముందే చేయుమన్నది. గుమాస్తాగారు ముందు ముతక జల్లెడ పట్టి, మిగిలినదానిని చూపి, అటుపై సన్న జల్లెడ పట్టుచున్నారు.

ఈ పద్ధతి మన పూర్వులకు క్రొత్త కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదమునకు సూచిక. ప్రతి సూక్తమునకును మొదటి పదము, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు అందు చెప్పబడినవి. ఋషి తెలిసినవాడు ఋషిని పట్టుకొని రావచ్చును, దేవత తెలిసినవాడు దేవతను పట్టుకొని రావచ్చును; రెండును కలిపినచో చోటు మరింత సన్నబడును. మదరాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధికారి రంగనాథన్‌గారు 1933లో ప్రకటించిన కోలను వర్గీకరణమును ఈ త్రోవదే. ఒక గ్రంథమును ఒకే అరలో బంధింపక, దాని విషయము, దేశము, కాలము మొదలగు ముఖములను వేరువేరుగా గుర్తించి కలుపుట. నిఘంటువులలో సైతము ఈ భేదము చూడవచ్చును. అమరకోశము వర్గములుగా నున్నది. అర్థము తెలిసి మాట కావలసినవానికది. పిఠాపురపు మహారాజావారి పోషణమున వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అకారాదిగా నున్నది. మాట తెలిసి అర్థము కావలసినవానికది. ఏది గొప్ప యని వాదించుట వృథా. వచ్చినవానిచేత నేమున్నదో దానిని బట్టి గుమ్మము.

ఇక పేర్ల సంగతి. ఇందు మా యిద్దరికిని రెండు మధ్యాహ్నములు పట్టినవి. ఆ సంస్థలో పేర్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొందురు. లక్ష్మి యను పేరును ఒకరు కె, ఎస్, హెచ్ అక్షరములతో వ్రాయుదురు, మరియొకరు ఎక్స్ అను అక్షరముతో వ్రాయుదురు. సత్యనారాయణలో తకారమునకు కొందరు హెచ్ చేర్తురు, కొందరు చేర్పరు. ఇంటిపేరు ముందు, వెనుక, లేదా పొడి అక్షరము మాత్రము. ఆడువారి యింటిపేరు పుట్టినింట నొకటి, మెట్టినింట నొకటి. అక్షరమునకక్షరము సరిపోవలెనన్న యంత్రమునకు ఇవన్నియు వేరువేరు మనుష్యులు.

దీనికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అను నాతడు ఒక యుపాయము కనిపెట్టి 1918లో పేటెంటు పొందెను. సౌండెక్సు అందురు. అక్షరములను చూడక, పలుకు స్థానమును చూచుట అందలి కీలకము. పెదవులతో పలుకు బి, పి, ఎఫ్, వి అక్షరములకు ఒకే అంకె, డి, టి అక్షరములకు ఒకే అంకె, అచ్చులను విడిచివేయుట. లక్ష్మిని ఏ రీతిగా వ్రాసినను ఒకే సంకేతము వచ్చును. శిష్యుడు దీనిని వివరించుచుండగా నాకు నవ్వు వచ్చినది. ఓష్ఠ్యములు, దంత్యములు అని మనము శిక్షలో నేర్చినదే గదా! మన పద్యములలో యతిమైత్రియు నిట్టిదే. క ఖ గ ఘ లొకటి, చ ఛ జ ఝ లతో శ ష స లు చెలిమి చేయును. పద్యము విను చెవికి చాలిన సామ్యము పేరు వెదకు కంటికి చాలదా? కాని రస్సెల్‌గారి పద్ధతిలో నొక లోపము కలదు. మొదటి యక్షరమును అట్లే యుంచును. జ్ఞానాంబ పేరును ఒకరు జి తో మొదలిడుదురు, ఒకరు జె తో మొదలిడుదురు. ఆ పద్ధతి వారిని కలుపలేదు. కావున మన పేర్లకు తగిన జతల పట్టికను మేమే వ్రాసితిమి. జ్ఞకారము, శ ష స లు, ర ఱ లు, "వెంకటేశ్వర్లు" "వెంకటేశ్వరులు" వంటివి అందు చేర్చితిమి. అయితే ఇట్టి మైత్రితో దొరకినవానిని సూటిగా దొరకినవానితో కలిపివేయరాదని నేను పట్టుపట్టితిని. ముందు అచ్చముగా సరిపోయినవి, వాని క్రింద "దగ్గర పేర్లు" అని విడిగా. లేకున్న ఒకరి బాకీ మరియొకరి తలకెక్కును.

సంఖ్యలకును ఈ చిక్కు కలదు. మన చేలకు ఎన్ని పేర్లో చూడుడు. జమీందారీ గ్రామములలో పైమాషీ నంబరు. సర్వే వచ్చి సర్వే నంబరు. రీసర్వే వచ్చి ఆర్.ఎస్. నంబరు, 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే జరిగిన గ్రామములలో ఎల్.పి.ఎం. నంబరు. చేను కదలలేదు, సంఖ్యయే మారినది. జిల్లా పేరు సైతము నిలువలేదు. అమలాపురము చుట్టునున్న చేను 1925కు పూర్వపు దస్తావేజులో గోదావరి జిల్లాలోనిది, పిమ్మట తూర్పుగోదావరి జిల్లాలోనిది, 2022 ఏప్రిలు నుండి కోనసీమ జిల్లాలోనిది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తండ్రి దస్తావేజులోని మాటలతో కుమారుడు వెదకినచో దొరకవలెనన్నచో, పాత పేరు క్రొత్త పేరునకు దారి చూపవలెను. 2015లో వచ్చిన మీభూమి పుటలో సర్వే సంఖ్యతోను, ఖాతా సంఖ్యతోను, పట్టాదారు పేరుతోను వెదకు వీలు కల్పించిరి. అది మేలైన పని. శిష్యుని సంస్థలోను ఖాతా సంఖ్యలు ఒకమారు మార్చిరట. పాతవానిని తుడిచివేయక, క్రొత్తవాని ప్రక్కనే యుంచి, దేనితో వెదకినను ఒకే ఖాతా తెరుచుకొనునట్లు చేసినాడు.

క్రొత్త పుట ఇట్లున్నది. పైన ఒకే పొడవాటి గడి. అందు పేరు, ఊరు, సంఖ్య ఏది తోచిన నది వ్రాయవచ్చును. దొరకినవి క్రింద వచ్చును. ప్రక్కన ఊరి వారీగా, సంవత్సరము వారీగా, గిడ్డంగి వారీగా ఎన్నెన్ని కాగితములున్నవో అంకెలతో కనబడును. ఒకదానిని నొక్కిన అంతవరకు సన్నబడును, మరల నొక్కిన వెనుకకు పోవును. ఎవరు చూడదగని కాగితములు వారికి కనబడవు. ఆ అంకెలలోను లెక్కకు రావు. పాత యిరువదిరెండు గళ్లను తీసివేయుదమని శిష్యుడనగా లెక్కల గదిలోని యిద్దరు అడ్డుచెప్పిరట. వారికి ఆ గళ్లన్నియు కంఠస్థము. నెలాఖరున వానితోనే పని. సరే, ఆ పుటను ఒక మీట వెనుక నుంచినాడు. అలవాటైన పనిముట్టును క్రొత్తదానము పేర లాగివేయుట నాకును నచ్చదు.

నేను మిక్కిలి కోరినది "లేదు" అనుటను గూర్చి. కాగితము దొరకనపుడు యంత్రము ఊరకుండరాదు. తానేమేమి వెదకెనో చెప్పవలెను. ఏ షరతు విడిచిన నెన్ని దొరకునో చెప్పవలెను. ఏ తేదికి పూర్వపు కాగితములు తనయొద్ద లేవో అదియు చెప్పవలెను. ఇప్పుడా పుట, "ఈ పేరుతో ఈ యూరిలో లేవు, ఊరు తీసివేసిన 3 కలవు, 2011కు పూర్వపు చీటీలు ఇందు చేర్పబడలేదు" అన్నట్లు చెప్పుచున్నది. మామగారికి ఇట్టి మాట యొక్కటి, "ఉపవిభాగపు అక్షరము లేక ఒకటి కలదు" అని వినబడియున్నచో ఆ గేదెలు దొడ్డిలోనే యుండెడివి.

జ్యేష్ఠమాసములో శిష్యుడు మరల వచ్చినాడు. క్రొత్తగా చేరిన గుమాస్తాలు ఆ గడిలోనే వెదకుకొనుచున్నారట. కాని యొక తెగ కాగితములకు ఇంకను వృద్ధుని బల్లయే శరణ్యము. పేరును, ఊరును, సంవత్సరమును గాక, కథగా మాత్రమే జ్ఞాపకమున్నవి అవి. చెరువు గట్టు తగవులో వ్రాసికొన్న రాజీ చీటీ, తడిసిన మేతకు తగ్గించి యిచ్చిన ధర. ఆ మాటలు ఏ కాగితములోను లేవు, ఆయన తలలో నున్నవి. అందుచే ప్రతి కాగితము ప్రక్కన ఆయన తన మాటలలో ఒక పంక్తి వ్రాయుటకు చోటు కల్పించి, ఆ పంక్తియు వెదకునపుడు తగులునట్లు చేసినాడు. ఆయన ప్రతిదినము భోజనానంతరము కూర్చుండి వ్రాయుచున్నారట. నాలుగు వందలు దాటినవట. తొలుత విసుగుకొన్నవారే, ఇప్పుడు సెలవునాడు సైతము వచ్చుచున్నారని వాడు చెప్పెను.

వాడు వెళ్లిన సాయంకాలము నేను మా యెకరమున్నర తాలూకు కాగితములన్నియు ముందు వేసికొంటిని. తాతగారి దస్తావేజులోని నంబరు, తండ్రిగారి నాటి ఆర్.ఎస్. నంబరు, విభజన నాటి అక్షరము, నాలుగు సరిహద్దులలో అప్పుడు ఎవరు, ఇప్పుడు ఎవరు, కాలువ పేరు, మా అమ్మగారి రెండు ఇంటిపేర్లు, అన్నియు ఒక తెల్లకాగితముపై వరుసగా వ్రాసి పాసుపుస్తకములో పెట్టితిని. మరునాడు మామగారి కుమారుడు వచ్చి, అది చూచి, తన చేనికిని అట్టిదే వ్రాసియిమ్మని తన కాగితముల సంచి తెచ్చి నా యొడిలో పెట్టినాడు. సరిహద్దులలో ఉత్తరపు చేను యెవరిదో తేలక, దాని పాత పేరు కొరకు ఊరిలో నలుగురు పెద్దలను అడుగుచున్నాము.